తెలివి అబ్బే దారులు: పలక పట్టిన పిల్లలు, పుస్తకాలు నింపుకున్న యంత్రాలు

కంప్యూటర్‌కు తెలివి ఉందా, లేదా అన్న వాదన ఇప్పుడు టీవీ చర్చల దాకా వచ్చింది. అందులో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి చిక్కుపడ్డాయి. యంత్రం ఏమేం చేయగలదన్నది ఒకటి. ఆ నేర్పు దానికి ఏ దారిన వచ్చింది, మనిషికి వచ్చే దారీ అదేనా అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు జవాబు ఆరు నెలలకోసారి మారుతోంది. రెండోది మాత్రం డెబ్బై అయిదేళ్లుగా నలుగుతోంది. భాషాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, కంప్యూటర్ శాస్త్రం మూడూ దాని మీద తగువులాడుకున్నాయి. ఈ సమీక్ష ఆ రెండో ప్రశ్న గురించి.

కనిగిరి దగ్గరి పామూరులో పుట్టి పెరిగే బిడ్డను తీసుకుందాం. పరిశోధకుల అంచనాల్లో పిల్లలు ఏడాదికి సుమారు 20 లక్షల నుంచి 70 లక్షల మాటలు వింటారు. మాటల సందడి ఎంత ఉన్న ఇంట్లో పెరిగినా పదమూడేళ్లు నిండేసరికి విన్నవి పది కోట్లు దాటవు. 2020లో వచ్చిన జీపీటీ-3 అనే లాంగ్వేజ్ మోడల్‌కు చూపించినవి దాదాపు 30,000 కోట్ల టోకెన్లు, అంటే మాటలో మాట ముక్కలో. 2024 నాటి లామా-3కి ఆ లెక్క 15 లక్షల కోట్లు దాటింది. బిడ్డకు దొరికింది జీపీటీ-3కి దొరికిన దాంట్లో వెయ్యో వంతు కూడా కాదు. అయినా నాలుగేళ్ల బిడ్డ "వస్తాడు" కాకపోతే "రాడు" అని, "వచ్చు"కూ "రా"కూ పొంతన లేకపోయినా, ఎవరూ వ్యాకరణం చెప్పకుండానే పట్టేస్తుంది. ఇంత తేడా ఎందుకన్న దగ్గరే పండితులు విడిపోయారు.

నాలుగు పాత జవాబులు

1950లో 'మైండ్' పత్రికలో రాసిన వ్యాసంలో ఆలన్ ట్యూరింగ్ ఒక దారి సూచించాడు. పెద్దవాళ్ల మనసును అనుకరించే ప్రోగ్రామ్ రాయడానికి తంటాలు పడేకంటే, పసిబిడ్డ మనసు లాంటిది తయారుచేసి దానికి చదువు చెప్పడం మేలన్నాడు. పసి మెదడులో యంత్రాంగం కొంచెమే, ఖాళీ కాగితాలే ఎక్కువ అని ఆయన ఆశ. ఆ ఆశ నిజమా కాదా అన్నదే తర్వాతి చరిత్రంతా.

మనస్తత్వశాస్త్రంలో అప్పటికి ఏలుబడి బి.ఎఫ్. స్కిన్నర్ వర్గానిది. సరిగ్గా పలికితే మెప్పు, లేకపోతే లేదు. ఆ అలవాటు మీదనే భాష వస్తుందని ఆయన 1957లో పుస్తకం రాశాడు. రెండేళ్ల తర్వాత నోమ్ చామ్‌స్కీ దాన్ని సమీక్షిస్తూ చీల్చి చెండాడాడు. పిల్లలు వినే మాటలు కొద్దిపాటివి, అరకొరవి, తప్పులతో కూడినవి. వినని వాక్యాలు కూడా వాళ్లు అంటున్నారంటే కొంత వ్యాకరణం పుట్టుకతోనే ఉండాలన్నది ఆయన వాదం. జాన్ పియాజే ఈ రెండూ కాదన్నాడు. బిడ్డ వస్తువులను పట్టుకుని, లాగి, విసిరి, ఒక్కో మెట్టుగా లోకాన్ని మనసులో కట్టుకుంటుందని ఆయన మాట. 1975లో పారిస్ దగ్గరి రోయోమాంట్ మఠంలో పియాజే, చామ్‌స్కీ ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారు. ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. వీళ్లకంటే ముందే రష్యాలో వైగాట్‌స్కీ నాలుగో మాట చెప్పి వెళ్లాడు: తెలివి ముందు మనుషుల మధ్య పుడుతుంది, తర్వాతే మనిషి లోపలికి చేరుతుంది.

అలవాటు, పుట్టుక, చేత, సహవాసం. కంప్యూటర్ శాస్త్రంలో తర్వాత వచ్చిన వర్గాలన్నిటి వెనుకా ఈ నాలుగింటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది.

కాటూరు మనిషి ప్రయోగశాలలో జరిగిన పోటీ

ఈ చర్చ తెలుగువారికి బయటిది కాదు. దానిలో మొదటి పెద్ద పరీక్ష ఒక తెలుగువాడి ప్రయోగశాలలోనే జరిగింది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డిని ప్రపంచం రాజ్ రెడ్డిగా ఎరుగును. ఆయన మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివారు. 1966లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర డాక్టరేట్ తీసుకుని, 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1971లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ ఒక అయిదేళ్ల పథకం పెట్టింది. వెయ్యి మాటల పదజాలంతో, ఆగకుండా మాట్లాడే మనిషి మాటను కంప్యూటర్ అర్థం చేసుకోవాలన్నది లక్ష్యం.

రాజ్ రెడ్డి బృందంలో దీనికి ఒకటి కాదు, మూడు పద్ధతులు పోటీ పడ్డాయి. హియర్‌సే అన్న వ్యవస్థ నిపుణుల సభలా పనిచేసేది. ధ్వనులు తెలిసిన భాగం ఒకటి, మాటలు తెలిసినది ఒకటి, వాక్య నిర్మాణం తెలిసినది మరొకటి. ప్రతిదీ తన ఊహను ఒక ఉమ్మడి నల్లబల్ల మీద రాసేది, మిగిలినవి దాన్ని చూసి దిద్దేవి. మనిషి వినేటప్పుడు అర్థం, సందర్భం, ధ్వని అన్నీ కలిపి ఊహిస్తాడన్న నమ్మకం దీని వెనుక ఉంది. అదే చోట చదువుకుంటున్న జేమ్స్ బేకర్ రూపొందించిన డ్రాగన్ ఈ హంగులన్నీ పక్కన పెట్టింది. ఏ ధ్వని తర్వాత ఏ ధ్వని రావడానికి ఎంత అవకాశం ఉందో లెక్క కట్టడమే దాని పని. బ్రూస్ లోవెర్ చేసిన హార్పీ మూడోది. మాటల ఉచ్చారణ, వాక్యాల వ్యాకరణం అంతా ముందే ఒకే వలగా అల్లి, అందులో మంచి దారులను మాత్రమే వెదికేది. 1976లో 1,011 మాటల పదజాలంతో లక్ష్యాన్ని అందుకున్నది హార్పీనే. పన్నెండేళ్ల తర్వాత రాజ్ రెడ్డి శిష్యుడు కై-ఫు లీ చేసిన స్ఫింక్స్ గణాంక పద్ధతిని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. ఎవరు మాట్లాడినా వినగలిగేలా చేసింది.

లెక్క గెలిచింది, జ్ఞానం ఓడిందని దీన్ని చెప్పుకోవడం రివాజైంది. అది సగం నిజం. హార్పీలో డ్రాగన్ లెక్క ఉంది, హియర్‌సే నుంచి వచ్చిన మనిషి జ్ఞానమూ ఉంది. రెండింటి కలయిక గెలిచింది. ఈ మిగతా సగాన్ని మరచిపోవడం వల్లే తర్వాతి చర్చ చాలాసార్లు దారి తప్పిందని నా అభిప్రాయం. 1994లో రాజ్ రెడ్డికి, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌కు కలిపి ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. నిపుణుల జ్ఞానాన్ని నియమాలుగా రాసి యంత్రానికి ఎక్కించడంలో ఫైగెన్‌బామ్ మొదటి వరుసలోని వాడు.

నియమాలు రాసి ఇచ్చే బడి

ఆ నియమాల బడికి మన దగ్గర బలమైన శాఖ ఉంది. కాన్పూర్ ఐఐటీలో వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ మొదలుపెట్టిన అనుసారక అనే అనువాద వ్యవస్థ తర్వాత హైదరాబాద్‌కు వచ్చింది. భారతీయ భాషలకు ఇంగ్లీషు వ్యాకరణపు చట్రం కాక పాణిని కారక సిద్ధాంతమే నప్పుతుందని 1995లో వాళ్ల బృందం పుస్తకమే రాసింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో తెలుగు మాటలను ప్రకృతి, ప్రత్యయాలుగా విడగొట్టే ప్రోగ్రామ్‌లు ఈ దారిలోనే వచ్చాయి. 1998లో ఏర్పడిన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భాషా పరిశోధన కేంద్రం ఈ పనిని కొనసాగించింది.

ఈ బడి బలం తెలియాలంటే పద్యం చూడాలి. కంద పద్యానికి గణాలు, యతి, ప్రాస ఏవో పది నియమాలతో చెప్పేయవచ్చు. ఆ నియమాలు రాసిన చిన్న ప్రోగ్రామ్ తప్పు గణాన్ని క్షణంలో పట్టిస్తుంది. లక్షల కోట్ల టోకెన్లు చదివిన మోడల్‌ను కందం అడిగితే పద్యంలా కనిపించేది రాస్తుంది కాని గణాలు తరచు తప్పుతుంది. దాని లోపల మాట గురువులు, లఘువులుగా కాక వేరే ముక్కలుగా విరుగుతుంది. బలహీనత కూడా అంతే స్పష్టం. సంతలో మనుషులు మాట్లాడుకునే భాషను పది నియమాల్లో కాదు, పదివేల నియమాల్లోనూ పెట్టలేం. రాసేవాడు ఊహించని మాట వచ్చిన చోట వ్యవస్థ ఆగిపోతుంది.

చూసి నేర్చుకునే బడి

మెదడు కణాల అల్లికను పోలిన వలకు ఉదాహరణలు చూపిస్తూ పోతే అదే నేర్చుకుంటుందన్న ఆలోచనను 1958లో ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ పర్సెప్ట్రాన్‌తో తెచ్చాడు. 1969లో మిన్‌స్కీ, పేపర్ట్ దాని పరిమితులు చూపాక ఆ దారి కొంతకాలం పాడుబడింది. 1986లో రుమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ పొరలున్న వలకు తప్పును వెనక్కి పంపి దిద్దే పద్ధతిని వ్యాప్తిలోకి తేవడంతో మళ్లీ తెరుచుకుంది. అదే ఏడు రుమెల్‌హార్ట్, మెక్‌క్లెలాండ్ తమ వలకు ఇంగ్లీషు క్రియల భూతకాల రూపాలు నేర్పి, నియమం అనేదే రాయకుండా నియమం పుట్టిందని ప్రకటించారు. స్టీవెన్ పింకర్, ఆలన్ ప్రిన్స్ 1988లో దాన్ని విడదీసి చూసి, పిల్లలు ఎన్నడూ చేయని తప్పులు ఈ వల చేస్తోందని తేల్చారు. తప్పుల తీరే నేర్చుకునే తీరును పట్టిస్తుందన్న ఆ సూత్రం ఈ మొత్తం చర్చలో అన్నిటికంటే పనికొచ్చిన పనిముట్టు.

మధ్యలో మనిషి వైపు నుంచి ఒక ఆశ్చర్యం వచ్చింది. 1996లో సాఫ్రన్, ఆస్లిన్, న్యూపోర్ట్ ఎనిమిది నెలల పసివాళ్లకు అర్థం లేని అక్షరాల గొలుసును రెండు నిమిషాలు వినిపించారు. ఏ అక్షరం తర్వాత ఏది ఎక్కువగా వస్తోందో పసివాళ్లు ఆపాటికే పట్టేశారు. అంటే లెక్క కట్టే గుణం యంత్రానిదే కాదు, మనదీ. స్కిన్నర్ చెప్పిన అలవాటు ఓడిపోలేదు, చామ్‌స్కీ చెప్పిన పుట్టుకా ఓడిపోలేదు. పుట్టుకతో వచ్చింది ఒక లెక్క కట్టే యంత్రాంగమే కావచ్చన్న మూడో దారి తెరుచుకుంది.

పెంచుకుంటూ పోదామన్న బడి

2012లో ఇమేజ్‌నెట్ పోటీలో 12 లక్షల బొమ్మలతో నేర్చుకున్న వల మిగతా పద్ధతులన్నిటినీ వెనక్కి నెట్టింది. 2017లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ నిర్మాణం లాంగ్వేజ్ మోడల్స్‌కు పునాది అయింది. అదే సంవత్సరం ఆల్ఫాగో జీరో మనిషి ఆట ఒక్కటీ చూడకుండా మూడు రోజుల్లో తనతో తానే 49 లక్షల ఆటలాడి గో ఆటలో ఆరితేరింది. ఏ మనిషీ జన్మంతా ఆడినా ఆ సంఖ్య దరిదాపులకు పోలేడు. 2019లో రిచర్డ్ సటన్ ఒక చిన్న వ్యాసంలో ఈ బడి సిద్ధాంతాన్ని కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. మనిషి జ్ఞానాన్ని యంత్రంలో కూర్చే ప్రయత్నాలు ముందు బాగున్నట్టు కనిపిస్తాయి, చివరికి ఎప్పుడూ గెలిచేది మరింత లెక్కింపు శక్తే అన్నాడు. ఆయన చూపిన ఉదాహరణల్లో మాటల గుర్తింపు పథకం కూడా ఉంది. హార్పీలో ఎంత మానవ జ్ఞానం కలిసి ఉందో పైన చూశాం కనుక ఆ ఉదాహరణ ఆయన అనుకున్నంత శుభ్రమైనది కాదని చెప్పాలి.

ఈ బడి విజయాలు నిజమైనవి. అయితే వాటి ఖరీదును బడి లోపలివాళ్లే తక్కువగా చెబుతారు. జీపీటీ-3ని తయారుచేయడానికి సుమారు 12.87 లక్షల యూనిట్ల కరెంటు పట్టిందని పరిశోధకుల అంచనా. మనిషి మెదడు దాదాపు 20 వాట్లతో నడుస్తుంది. ఇరవై ఏళ్ల పాటు రాత్రీ పగలూ లెక్కేసినా 3,500 యూనిట్లే. ఈ పోలికలో ఒక సవరణ మాత్రం చేసుకోవాలి. ఒకసారి తయారైన మోడల్ కోట్ల మందికి పనిచేస్తుంది, ఒక మెదడు చదువును ఇంకో మెదడులోకి నకలు తీయలేం. ప్రతి బిడ్డా మొదటినుంచి మొదలుపెట్టాల్సిందే.

ఒక్క అక్షరం చాలు: పలక చెప్పే సంగతి

తక్కువ చూసి ఎక్కువ నేర్చుకోవడం ఎలాగన్న ప్రశ్నను పట్టుకున్న బడి చిన్నదే గాని, మనకు అన్నిటికంటే దగ్గరది. మార్కాపురం గనుల్లో తవ్విన నల్లరాయి పలకలుగా మారి దేశం నలుమూలల బడులకూ వెళ్లింది. ఆ పలక మీద జరిగే పని ఏమిటి? పెద్దవాళ్లు "అ" రాసి ఇస్తారు, బిడ్డ దాని మీదే దిద్దుతుంది. ఒకటి రెండు రోజుల దిద్దుళ్లతో ఆ అక్షరం పుస్తకంలో కనిపించినా, బస్సు బోర్డు మీద కనిపించినా, గోడ మీద వంకరగా రాసి ఉన్నా గుర్తుపడుతుంది. చేతిరాత అంకెలను గుర్తించడం నేర్పడానికి యంత్రాలకు ఏళ్ల తరబడి వాడిన ఎమ్‌నిస్ట్ సంపుటిలో శిక్షణకు ఉంచినవి 60,000 బొమ్మలు. అవీ పది అంకెలకే.

2015లో 'సైన్స్' పత్రికలో బ్రెండన్ లేక్, రుస్లాన్ సలాఖుద్దినోవ్, జోషువా టెనెన్‌బామ్ ప్రకటించిన ప్రయోగం ఈ తేడాను సూటిగా ఎదుర్కొంది. వాళ్లు 50 లిపుల నుంచి 1,623 అక్షరాలను ఇరవై మంది చొప్పున రాయించి సేకరించారు. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపి, మలయాళ లిపి కూడా వాటిలో ఉన్నాయి. ఒక కొత్త అక్షరాన్ని ఒక్కసారే చూపించి, అదే అక్షరాన్ని ఇరవై అక్షరాల మధ్య గుర్తించమన్నారు. మనుషుల తప్పులు 4.5 శాతం. వాళ్ల ప్రోగ్రామ్ తప్పులు 3.3 శాతం. అప్పటి డీప్ లెర్నింగ్ వలల్లో మెరుగైనదానికి 8 శాతం.

ఆ ప్రోగ్రామ్ గెలిచిన పద్ధతిని గమనించాలి. అది అక్షరాన్ని బొమ్మగా చూడలేదు. కలం ఎక్కడ మొదలై, ఎటు తిరిగి, ఎక్కడ ఆగిందో ఊహించుకుంది. దిద్దడం అంటే సరిగ్గా అదే. 2012లో కేరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ ఇంకా చదవడం రాని అయిదేళ్ల పిల్లల మెదళ్లను పరిశీలించారు. అక్షరాలను చేత్తో రాసి నేర్చుకున్న తర్వాత, చదివేటప్పుడు పనిచేసే మెదడు భాగాలు ఆ అక్షరాలు చూడగానే చురుకయ్యాయి. టైపు చేసి నేర్చుకున్నప్పుడు అలా కాలేదు. పిల్లలకు పలక తీసేసి తెర చేతికిస్తున్న రోజుల్లో ఈ ఫలితం విద్యాశాఖలు చదవదగ్గది.

అయితే ఈ బడి మాట కూడా పూర్తిగా తీసుకోలేం. ఆ ప్రోగ్రామ్‌కు కలం, గీత, గీతల కలయిక అన్న భావనలు మనుషులే ముందుగా ఇచ్చారు, ముప్పై లిపులతో సాధన చేయించారు. అక్షరాల దగ్గర చెల్లిన ఈ చిట్కాను వాక్యాల దాకా, కథల దాకా ఎవరూ ఇంకా తీసుకెళ్లలేకపోయారు.

శరీరం, చుట్టూ మనుషులు

యంత్రం చదివింది రాతలనే, బిడ్డ బతుకుతున్నది లోకంలో. ఈ తేడానే అసలు తేడా అనేవాళ్లు రెండు గుంపులు. యాన్ లెకున్ లాంటివాళ్లు కంటికి ప్రాధాన్యమిస్తారు. నాలుగేళ్ల బిడ్డ మేలుకుని ఉన్న గంటలు దాదాపు 16,000. ఆ గంటల్లో కంటినరం గుండా వెళ్లే సమాచారం పెద్ద మోడల్ చదివిన రాతలకంటే తక్కువ కాదని వాళ్ల లెక్క. ఈ లెక్క నిజమైతే బిడ్డ తక్కువతో నేర్చుకుంటోందన్న మాటే తప్పు. దీనికి బలమైన ఎదురుమాట 1985 నాటిదే. బార్బరా లాండావ్, లైలా గ్లైట్‌మన్ పుట్టుచూపులేని పిల్లలను గమనించి, వాళ్లూ మిగతా పిల్లల మాదిరే భాష నేర్చుకుంటున్నారని, "చూడు" వంటి మాటలకు కూడా తమదైన అర్థం ఏర్పరచుకుంటున్నారని చూపారు. కంటి గుండా వచ్చే సమాచారమే గుట్టు అయితే ఇది జరగకూడదు.

రెండో గుంపు సహవాసాన్ని పట్టుకుంది. ఏడాది లోపు బిడ్డ అమ్మ చూపు ఎటు పోతే అటు చూడడం, తను వేలు చూపించి ఎదుటివాళ్లను చూడమనడం మొదలుపెడుతుంది. భాషకు ఇదే పునాది అని మైకేల్ టొమసెల్లో దశాబ్దాలుగా చెబుతున్నాడు. 2024లో వై కీన్ వాంగ్, బ్రెండన్ లేక్ బృందం ఈ వాదాన్ని కొంచెం కదిలించింది. ఒక బిడ్డ తలకు ఆరు నెలల వయసు నుంచి రెండేళ్లు దాటేదాకా అప్పుడప్పుడు కట్టిన కెమెరా రికార్డు చేసిన 61 గంటల దృశ్యాలు, మాటలు మాత్రమే ఒక వలకు ఇచ్చారు. బంతి, కుర్చీ వంటి చాలా మాటలకు ఏది గుర్తో అది నేర్చుకుంది. కాని అది మాట, వస్తువు జతలను నేర్చుకోవడం. "నీ బంతి కాదు, అక్కది" అన్న మాటను అర్థం చేసుకోవడం అంతకంటే చాలా దూరం.

లాంగ్వేజ్ మోడల్స్ చిలక పలుకులు పలుకుతాయన్న విమర్శ 2021లో ఎమిలీ బెండర్, టిమ్నిట్ గెబ్రూ, వారి సహచరుల వ్యాసంతో ప్రసిద్ధమైంది. నాకు అంతకంటే సూటిగా తోచేది అలిసన్ గోప్నిక్ మాట. ఈ మోడల్స్‌ను బిడ్డలతో కాదు, లిపితో, అచ్చుతో, గ్రంథాలయంతో పోల్చాలంటుంది ఆమె. ఇతరులు కూడబెట్టిన తెలివిని అందరికీ అందించే పనిముట్లు ఇవి. బిడ్డ చేసేది ఇంకా ఎవరూ కూడబెట్టనిదాన్ని వెదకడం.

పక్కపక్కన పెట్టి చూస్తే

బిడ్డకు దొరికేది కొంచెం, యంత్రానికి దొరికేది కొండంత. బిడ్డకు పుట్టుకతో పెట్టుబడి ఉంది, లక్షల ఏళ్ల పరిణామం ఇచ్చింది. ఆంథొనీ జాడర్ 2019లో చెప్పినట్టు, ఆ పరిణామాన్నీ శిక్షణగా లెక్కేస్తే పోలిక తలకిందులు కావచ్చు. కాని మనిషి జన్యువుల్లో ఉన్న అక్షరాలు సుమారు 300 కోట్లే. ఒక పెద్ద మోడల్ పరామితుల, అంటే శిక్షణలో అది దిద్దుకునే సంఖ్యల, పట్టిక కంటే అది చాలా చిన్న పుస్తకం. అంత చిన్న పుస్తకంలో ఏం రాసి ఉంటే ఇంత నేర్పు వస్తోందన్నది అందుకే గొప్ప ప్రశ్న.

మరపులో తేడా ఇంకా విచిత్రం. కొత్తది నేర్పితే న్యూరల్ వల పాతది ఒక్కసారిగా పోగొట్టుకుంటుందని 1989లోనే మెక్‌లాస్కీ, కోహెన్ చూపారు. అందుకే నేటి మోడల్స్ చాలావరకు ఒక తేదీ దగ్గర చదువు ఆపేసి, ఆ తర్వాత వాడకానికి వస్తాయి. మనిషికి చదువు, వాడకం వేరు వేరు కాదు. అష్టావధానంలో అవధాని నాలుగు పద్యాలను ఒక్కో పాదం చొప్పున నాలుగు ఆవృత్తుల్లో కడతాడు. నిషిద్ధాక్షరి అడిగేవారు అడుగడుగునా అక్షరాన్ని నిషేధిస్తుంటే, అప్రస్తుత ప్రసంగం చేసేవారు మధ్యలో దారి మళ్లిస్తుంటారు. చివర ధారణలో అన్నీ వరుసగా అప్పజెప్పాలి. కంప్యూటర్‌కు అప్పజెప్పడం తేలిక. అవధానికి కష్టమైనది, గొప్పదీ అదే. తిరుపతి వేంకట కవులు నూరేళ్ల కిందట ఊరూరా చూపింది పరిమితమైన జ్ఞాపకాన్ని ఛందస్సు అభ్యాసంతో ఎంత దూరం సాగదీయవచ్చో. మనిషి తెలివి తన పరిమితులను దాటడానికి పనిముట్లు కల్పించుకుంటుంది. యంత్రం నేర్చుకోవడంలో ఈ లక్షణం ఇంకా బలహీనం.

పామూరు మాట యంత్రానికి చేరిందా?

తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఇది తత్త్వచర్చగా మిగలదు. జీపీటీ-3 చదివిన మాటల్లో 93 శాతం ఇంగ్లీషు. 2011 జనాభా లెక్కల్లో 8.11 కోట్ల మంది మాతృభాషగా చెప్పుకున్న తెలుగుకు మిగిలింది నలుసంత. రాతలోనూ నష్టమే. యూనికోడ్‌లో "లక్ష్మి" ఏడు సంకేతాలు, ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 21. ఇంగ్లీషు అక్షరాల్లో అదే పేరుకు ఏడు బైట్లు చాలు. తొలి మోడల్స్ తెలుగు మాటను ఇలా చిన్న చిన్న ముక్కలుగా విరిచి చదివాయి. అందుకే అదే సంగతి తెలుగులో అడిగితే ఖర్చు ఎక్కువ, పట్టు తక్కువ. రాజ్ రెడ్డి ముందుండి నడిపిన పది లక్షల పుస్తకాల పథకంలో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. కాని అవి బొమ్మలుగా నిలిచాయి, అక్షరాలుగా మారడం వేరే పని.

అసలు లోటు రాతలో లేనిదాంట్లో ఉంది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు కనిగిరి, పొదిలి నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చి కలిశాయి. పామూరు పరిసరాల్లో నెల్లూరు యాస, సీమ యాస, గుంటూరు వైపు యాస ఒకే సంతలో వినిపిస్తాయి. "వస్తా ఉండాడు" అనేవారూ, "వస్తన్నాడు" అనేవారూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఆ సంతలో పెరిగే బిడ్డకు ఇవన్నీ ఒకే భాష అని, ఎవరి దగ్గర ఏది అనాలో కూడా తెలుసు. పత్రికల తెలుగు చదివిన యంత్రానికి ఇవి అచ్చుతప్పులు.

ఒంగోలులోనే 1928లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి ఈ లోటును కంప్యూటర్లు రాకముందే పట్టుకున్నారు. రైతుల నోట వినిపించే మాటలను జిల్లా జిల్లా తిరిగి సేకరింపజేసి 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటిని వ్యవసాయ పదాలతో తెచ్చారు, తర్వాత చేనేత పదాలతో మరొకటి వచ్చింది. యంత్రానికి తెలుగు నేర్పేవాళ్లకు అది నేటికీ మార్గదర్శకం: నేర్పు ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి వినడం. 2022లో మొదలైన భాషిణి పథకం, ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం 22 భాషల్లో జనం సహజంగా మాట్లాడేది రికార్డు చేయడం ఈ దిశలో మంచి అడుగులు. మోడల్ పెద్దదైతే తెలుగు దానంతటదే వస్తుందని ఎదురుచూడడం నాకు తగినదిగా తోచదు. తెలుగు రాతలు ఎప్పటికీ ఇంగ్లీషు రాతలంత కావు. కాబట్టి తక్కువతో నేర్చుకునే బడి ఎదుగుదలే మన భాషకు ఎక్కువ మేలు.

ఇంకా తేలనివి

మోడల్ లోపల లోకపు నమూనా లాంటిది ఏర్పడుతోందా అన్నది మొదటి చిక్కు. 2022లో కెనెత్ లీ బృందం ఒథెల్లో ఆట ఎత్తుల జాబితా మాత్రమే చూపిన వల లోపల, ఎవరూ చెప్పకుండానే బోర్డు పరిస్థితి గుర్తుగా ఏర్పడిందని చూపింది. చిలక పలుకుల వాదానికి ఇది ఇబ్బందికరమైన ఫలితం. అయితే ఒథెల్లో బోర్డు అరవై నాలుగు గళ్లదే, లోకానికి గళ్లు లేవు. తెలివిని దేనితో కొలవాలన్నది రెండోది. ఎంత వచ్చు అన్నది కాదు, ఎంత తక్కువ అనుభవంతో కొత్తది పట్టుకోగలదన్నదే కొలత కావాలని ఫ్రాన్స్వా షోలే 2019లో వాదించాడు. ఆ కొలతను అందరూ ఒప్పుకుంటే పోటీల ఫలితాలు చాలా మారతాయి.

మూడోది మన చేతుల్లో ఉన్నది. 2023లో మొదలైన బేబీ ఎల్ఎమ్ పోటీలో మోడల్స్‌కు పది కోట్ల మాటలు, లేదా కోటి మాటలే ఇస్తారు. అంటే బిడ్డకు దొరికేంతే. ఇలాంటి పరీక్షలు ఎక్కువగా ఇంగ్లీషు మీద జరిగాయి. ఇంగ్లీషులో ఒక క్రియకు నాలుగైదు రూపాలు. తెలుగులో ఒక ధాతువుకు కాలం, పురుషం, వచనం, వ్యతిరేకం, సంభావన అన్నీ చేరి వందల రూపాలు పుడతాయి. కాబట్టి తెలుగు బిడ్డ పలికే రూపాల్లో తాను ఎన్నడూ వినని రూపాలు చాలా ఉంటాయి. వివిధ ప్రాంతాల ఇళ్లలో, తల్లిదండ్రుల అనుమతితో, పిల్లలతో పెద్దలు మాట్లాడే మాటలు రికార్డు చేసి కోటి మాటల సంపుటి తయారుచేయవచ్చు. దానితో ఒక చిన్న మోడల్‌ను నడిపి, వినని రూపాలను అది సరిగ్గా కడుతుందా, తప్పినప్పుడు మన పిల్లలు చేసే తప్పులే చేస్తుందా అని పింకర్ సూత్రంతో చూడవచ్చు. సరిగ్గా కడితే చామ్‌స్కీ వర్గం తన వాదాన్ని సవరించుకోవాల్సి వస్తుంది. కట్టలేకపోతే సటన్ వర్గం జవాబు చెప్పాల్సి వస్తుంది. ఆ పరీక్షకు కావాల్సిన భాషావేత్తలు, ఇంజినీర్లు, ప్రయోగశాలలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. కావాల్సిన మాటలు పామూరులో, గిద్దలూరులో, మార్కాపురంలో ప్రతి ఇంట్లో రోజూ వినిపిస్తున్నాయి.